గవ్వల గుడ్డకు బిల్లెక్కడిది?

కొడకండ్లలో మా ఇల్లు రోడ్డు వారనే ఉంటుంది. జనగామ వైపు పోయే కుర్ర బీట్ ఆఫీసర్లు దారిలో బండి ఆపి టీ తాగిపోవడం అలవాటు చేసుకున్నారు. అటవీ శాఖలో తల నెరిసినవాణ్ణి కదా, సర్వీసులో చూసిన పెద్ద కేసు ఏదైనా చెప్పమంటారు. వాళ్ల మనసులో ఉండేది టేకు దుంగల లారీని వెంటాడి పట్టుకోవడమో, ఉచ్చులు పెట్టేవాళ్లతో కలబడడమో. అలాంటివి నా సర్వీసులోనూ ఉన్నాయి. అవి తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది. ఒళ్లు మండేది మాత్రం ఒక గుడ్డ ముక్కను తలుచుకున్నప్పుడు. దాని సంగతే చెబుతాను. రేపు చెక్‌పోస్టు బల్ల వెనక కుర్చీలో కూర్చునేది మీరే కాబట్టి మీకే చెప్పాలి.

ముందే ఒక మాట. ఇందులో ఎవరి పేరూ చెప్పను. కొందరు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు. కొందరికి నా మీద కోపం తగ్గలేదు, నాకు వాళ్ల మీద అసలే తగ్గలేదు. పేర్లు లేకపోయినా నష్టమేమీ లేదు, ఇలాంటివాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు, మీరే పోల్చుకుంటారు. ఒక్క పేరు మాత్రం చెప్పాలని ఉంది. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

అప్పుడు నేను మహబూబాబాద్ జిల్లాలో సెక్షన్ ఆఫీసర్‌ని. నా సెక్షన్‌లో అడవి అంచున ఒక లంబాడీ తండా ఉండేది. అక్కడి మగవాళ్లలో సగం మంది ఏడాదిలో సగం రోజులు పుణెలోనో హైదరాబాద్‌లోనో కూలి పనుల్లో ఉండేవాళ్లు. అడవిని కాపాడే కమిటీ అంతా ఆడవాళ్లదే. ఎండాకాలం అడవికి నిప్పంటుకుంటే మా సిబ్బంది బండి కదలక ముందే ఆ ఆడవాళ్లు పచ్చి కొమ్మలు పట్టుకుని ఉరికేవాళ్లు. గొడ్డలి పట్టుకుని లోపలికి పోయేవాడు వాళ్ల అన్నదమ్ముడైనా సరే, తిట్లు తిని వెనక్కి రావలసిందే. జీతం తీసుకునే మాకంటే జీతం లేని వాళ్లే బాగా కాపలా కాశారు. ఈ మాట నేను మీటింగుల్లో అన్నప్పుడల్లా పైవాళ్లు గొంతు సవరించుకునేవాళ్లు.

ఇంతలో మా డివిజన్‌కు ఒక కొత్త అధికారి వచ్చాడు. పెద్దసారు అందాం. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట నెమ్మది, ఫోటోలంటే ప్రాణం. అడవిలో ఉన్న ఒక చెరువు దగ్గర గుడారాలు వేసి, పడవలు తిప్పి, టిక్కెట్టు పెట్టి జనాన్ని రప్పించాలని ఆయన ఆలోచన. దానికి తండా ఆడవాళ్లను తయారు చేయాలట. అందుకని వాళ్లను తెలుగు మాట్లాడని వేరే రాష్ట్రంలో, తూర్పు తీరంలో ఉన్న ఒక జాతీయ పార్కుకు తీసుకుపోదామన్నాడు. ఆ పార్కు లోపల మడ అడవి దాటిపోతే ఎవరి కంటా పడని ఒక బీచ్ ఉందట. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మూసేస్తారు, మిగతా కాలంలో కొద్దిమందినే పంపిస్తారు. అడవిని చూపించి ఎట్లా సంపాదించాలో అక్కడ నేర్చుకుంటారన్నాడు. ఆ ఆడవాళ్లకు అడవి పాఠం చెప్పించడానికి రాష్ట్రం దాటించడం నాకు విచిత్రంగా తోచింది. కానీ ఈ వంకతోనైనా కూలికి కాకుండా ఒక ప్రయాణం దొరుకుతుందని నోరు మూసుకున్నాను.

తండాలో ఈ మాట చెప్పిన రోజు ఎవరికీ పెద్దగా పట్టలేదు. పత్తి ఏరే పని ఎవరు చేస్తారని ఒకరు, బస్సులో వాంతులవుతాయని ఒకరు. ఒక్క ముసలావిడ మాత్రం లేచి నా దగ్గరికి వచ్చింది. కమిటీలో అందరికంటే పెద్దది, అందరూ అవ్వా అనేవాళ్లు, నేనూ అదే పిలుపు. అద్దాల లంగా, చేతుల నిండా తెల్లగాజులు వేసుకునే మనుషులు ఆ తండాలో ఇంక ఒకరిద్దరే మిగిలారు. ఆమె ఒకతె.

"నాయినా, గవ్వలు పుట్టేది సముద్రంలనే గద?" అని అడిగింది.

అవునన్నాను. ఆమె ఇంట్లోకి పోయి, సందూకలో నుంచి ఒక గుడ్డ తెచ్చి నా ముందు పరిచింది. ఎర్రటి గుడ్డ, దాని మీద నీలం పేలికల అతుకులు, అద్దం ముక్కలు, నాలుగు అంచులకూ వరసగా గవ్వలు, కింద గవ్వల కుచ్చులు. నీళ్ల కుండ కింద తలమీద పెట్టుకునే చుట్టబట్ట దానికే కుట్టి ఉంది. గుడ్డ వీపు మీదికి జారుతుంది. వాళ్ల యాడి కుట్టిచ్చిందట. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. వాళ్ల ఇంట్లో పెండ్లయిన పిల్ల అత్తగారి తండాలో మొదటి కుండ నీళ్లు ఈ గుడ్డ మీదే మోయాలి. అవ్వ మోసింది, ఆమె కూతుళ్లు మోశారు, పుణెలో కూలి చేసి హిందీ నేర్చుకొచ్చిన కోడలూ మోసింది. ఇప్పుడు మనవరాలి పెండ్లి కుదిరింది, పంటలు ఇంటికి రాగానే ముహూర్తం.

"పెండ్లికి ముందుగాల వీటికి పుట్టిల్లు చూపిస్త. ఎన్నేండ్లయిందో పాపం వచ్చి" అంది, గవ్వల మీద చెయ్యి వేసి. ఆమె వస్తానన్నాక తండాలో మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఒప్పుకున్నారు.

ఆడవాళ్లకు తోడుగా మా బీట్ ఆఫీసరమ్మ వచ్చింది. చిట్యాల దిక్కు పిల్ల, ఉద్యోగంలో కొత్త, నోరు చురుకు. పెద్దసారు ముందు కారులో, మేము వెనక బస్సులో బయలుదేరాం. దారి పొడుగునా పాటలు. ఆ పాటలకు అర్థం చెప్పమని అవ్వ కోడలిని అడిగితే, చెప్పేవి కావు సారూ అని ముసిముసిగా నవ్వింది.

పార్కు గేటు దగ్గర మా నీళ్ల సీసాలన్నీ పరీక్షగా చూశారు. ప్లాస్టిక్ లోపల పడేయకూడదని చెప్పారు. బుద్ధిగా తలలూపాం. మూటలు మాత్రం ఎవరూ విప్పి చూడలేదు. తర్వాత జరిగినదానికి ఈ చిన్న సంగతే మూలం కాబట్టి గుర్తు పెట్టుకోండి.

ఉప్పుటేరులో మరపడవ మీద పోయాం. రెండు పక్కలా మడ అడవి, బురదలో పడుకున్న మొసళ్లు. అడవిలోనే పుట్టి పెరిగిన ఆ ఆడవాళ్లు చెట్ల వేర్లు నీళ్లలో నుంచి పైకి పొడుచుకు రావడం చూసి తమలో తాము ఏదో గొణుక్కున్నారు. పడవ దిగి సరుగుడు చెట్ల మధ్య ఇసుక దారిలో నడిచాం. హోరు ముందు వినిపించింది. చెట్లు అయిపోయిన చోట ఒక్కసారిగా ఇసుక, ఆ వెనక నీళ్లు. కొట్లు లేవు, గుర్రాలు లేవు, మేము తప్ప మనిషి లేడు. ఎర్రటి ఎండ్రకాయలు మా అలికిడికి బొరియల్లోకి దూరాయి. అంతమంది ఆడవాళ్లూ ఎవరూ చెప్పకుండానే ఇసుక అంచున చెప్పులు విడిచారు. ఎవరింటికో వచ్చినట్టు వరసగా పెట్టి, ఆ తర్వాతే అడుగు వేశారు. నేను బూట్లతో అప్పటికే సగం దూరం పోయాను, సిగ్గేసి వెనక్కి వచ్చి విప్పాను.

పెద్దసారు ఫోటోలు తీయించుకుంటున్నాడు. అవ్వ ఆ గొడవలో లేదు. వంగి ఇసుక వెతుక్కుంటూ పోతోంది. పగిలిన చిప్పలు, గుల్లలు ఉన్నాయి కానీ గవ్వ ఒక్కటీ లేదు. వెనక్కి వచ్చి నన్ను నిలదీసింది.

"గవ్వలేవి నాయినా?"

అవి ఈ ఒడ్డున దొరకవట, ఎక్కడో దూరంగా వేరే సముద్రంలో పుడతాయట అని చెప్పాను. చెప్పినందుకు నాకే బాధనిపించింది. ఆమె నీళ్ల దిక్కు చూసింది.

"నీళ్లయితే గవే గద?"

"గవే అవ్వా. సముద్రాలన్నీ కలిసే ఉంటయి."

"అయితే మేనమామ ఇల్లనుకుంట" అని మూట విప్పింది. కోడలు చెయ్యి పట్టుకుంటే మోకాలి లోతుకు పోయి గుడ్డను నీళ్లలో ముంచింది. ఎర్ర రంగు కొంచెం అలలో కలిసింది. వాళ్ల భాషలో గవ్వలతో ఏదో మాట్లాడింది. మిగతావాళ్లు నవ్వుతూనే ఒక్కొక్కరూ వచ్చి ఆ గుడ్డ అంచు పట్టుకుని తామూ ముంచారు. నా సర్వీసులో నేను చూసిన మంచి దృశ్యాల్లో అది ఒకటి. పెద్దసారు కెమెరా ఆ సమయానికి వేరే దిక్కు ఉంది. గుడ్డను మెల్లగా పిండి, ఇసుకతోనే మడిచి, ఆమె మూటలో పెట్టుకుంది.

తిరిగి గేటు దగ్గర పడవ దిగాం. అక్కడ ఒక బల్ల, బల్ల వెనక గార్డు, వెనక గోడ మీద పెద్ద బోర్డు. లోపలి నుంచి గుల్లగానీ గవ్వగానీ ఏదీ తీసుకుపోరాదని దాని మీద బొమ్మలతో సహా రాసి ఉంది. ఆ రూలు మంచిదే. నేనూ అదే శాఖ తిండి తిన్నవాణ్ణి, మనిషికొకటి ఏరుకుపోతే ఒడ్డున ఏమీ మిగలదని నాకూ తెలుసు. గార్డు అవ్వ మూట నుంచి నీళ్లు కారడం చూశాడు. విప్పమన్నాడు. విప్పితే తడి గవ్వలు, గవ్వల నోళ్ల నిండా ఇసుక. వాడి మొహం పెండ్లి భోజనం చూసినట్టు వెలిగింది. పరుగున పోయి రేంజర్ని పిలుచుకొచ్చాడు.

రేంజర్ కుర్రవాడేమీ కాదు, చదువుకున్నవాడిలాగే ఉన్నాడు. హిందీలో మాట్లాడాడు. నేను నా ఉద్యోగం సంగతి చెప్పుకుని, గుడ్డ ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదని, వాళ్ల పెండ్లి సామాను అని, దారం గవ్వలోకి ఎట్లా దిగిపోయిందో చూడమని చెప్పాను. గవ్వల వీపులు అరిగి నున్నబడ్డాయి. ఒక్క పూటలో బీచ్‌లో కూర్చుని ఇంత పని ఎవరైనా కుట్టగలరా? ఆయన గుడ్డ వంక చూడనే లేదు. ఇసుక వంకే చూశాడు. పాత గుడ్డ తెచ్చి కొత్త గవ్వలు కుట్టుకుపోయే ముఠాలు ఉంటాయన్నాడు. మీ బీచ్‌లో అసలు ఈ గవ్వలే లేవు కదా అంటే, ఇలాంటివాళ్లు ఏరుకుపోబట్టే లేవన్నాడు. ఇలాంటివాళ్లు అన్న మాటకు ఆయన చెయ్యి ఆమె లంగా దిక్కు చూపించింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా బీట్ ఆఫీసరమ్మ పొద్దున పడవ ఎక్కే ముందు తీసిన ఫోటో చూపించింది. అందులో అవ్వ ఉంది, చంకలో మూట ఉంది, మూటలో ఏముందో ఫోటోకేం తెలుసు. అప్పుడు రేంజర్ ఒకే ఒక ప్రశ్న అడిగాడు. ఈ గవ్వలకు బిల్లు ఉందా?

కోడలు ఆ మాటను అవ్వకు చెప్పింది. అవ్వకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"మా యాడి ఇచ్చిందానికి బిల్లెక్కడిది? నేను మా యాడికి పుట్టిన, దానికి బిల్లున్నదా అని అడుగు" అంది.

కోడలు అడిగింది.  రేంజర్ బల్ల మీద ఒక కత్తెర పెట్టాడు. గవ్వలు కోసి ఇక్కడ పెట్టండి, గుడ్డ తీసుకుపోండి అన్నాడు. తాను ఎంతో దయ చూపిస్తున్నట్టు అన్నాడు. ఇప్పుడు మీరు ఒక సంగతి ఊహించుకోవాలి. ఆ బల్లకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక దుకాణం ఉంది. పార్కు వాళ్ల అనుమతితో నడిచేదే. గవ్వల దండలు, గవ్వల తెరలు, గవ్వలతో చేసిన దీపాలు, గవ్వల మీద పార్కు గుర్తు. ఎక్కడి సముద్రం నుంచో బస్తాల్లో వచ్చిన గవ్వలు. వాటికి బిల్లు ఉంది కాబట్టి అవి అమాయకమైనవి. ఒక తల్లి చేతికుట్టు మాత్రం దొంగ సొమ్ము.

పెద్దసారు ఆ దుకాణంలోనే ఉన్నాడు. ఆయన వస్తే పని అయిపోతుందని నేను నిజంగా నమ్మాను. హోదాలో ఆ రేంజర్ కంటే పెద్ద, ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన ఒక గవ్వల తెరను కాగితంలో చుట్టించుకుని చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇంగ్లీషులో రేంజర్‌తో మాట్లాడాడు, ఇద్దరూ చెయ్యి కలిపారు, నవ్వుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, చిన్న విషయం, వాళ్ల రూలు వాళ్లది, మనం అతిథులం, పెద్దది చేయకు అన్నాడు. మళ్లీ దుకాణంలోకి పోయి ఒక గవ్వల పొట్లం కొన్నాడు. బిల్లుతో సహా తెచ్చి అవ్వ చేతిలో పెట్టబోయాడు. ఇవి కుట్టుకో అవ్వా, కొత్తవి, ఇంకా తెల్లగా ఉన్నాయి అన్నాడు.

"ఇవి ఎవరింటియో సారూ. నేనేం జేసుకోను" అని ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

ఆడవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు. ఎవరూ కేకలు వేయలేదు. ఊరికే నిలబడ్డారు. పడవలు ఆగిపోయాయి, వెనక వచ్చిన సందర్శకులు గొణగడం మొదలుపెట్టారు. పోలీసులను పిలుస్తామని గార్డు అన్నాడు. కోడలు ఆ మాట కూడా చెప్పింది. అవ్వ ఒకసారి కత్తెర వంక చూసింది, ఒకసారి మా అందరి వంకా చూసింది. నావంక చూసినప్పుడు నేను తలదించుకోలేదు కానీ, ఎత్తి చేసిందీ ఏమీ లేదు. ఆమె గుడ్డను తీసుకుని, నేల మీద కూర్చుని, గవ్వలు లోపలికి పోయేలా నాలుగు మడతలు పెట్టింది. లేచి దాన్ని తానే బల్ల మీద పెట్టింది.

"గవ్వలు కోస్తే అది గుడ్డ గాదు. మొత్తమే ఉంచుకో. పిల్ల పెండ్లి లోపట పంపు" అంది. రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. "నీడకు ఆరెయ్యి. ఎండకు రంగు పోతది."

కోడలు అదంతా హిందీలో చెప్పింది. రేంజర్ తల ఊపాడు. విచారణ అయ్యాక పంపుతామన్నాడు. పెద్దసారు అందరి ముందూ గుండె మీద చెయ్యి పెట్టి, పెండ్లి లోపల నేను తెప్పిస్తా, నాది పూచీ అన్నాడు. ఆ మాటను తండా మొత్తం నమ్మింది. వచ్చేటప్పుడు పాడిన నోళ్లు పోయేటప్పుడు ఒక్కటీ తెరుచుకోలేదు.

తర్వాత కథ మీకు తెలిసినదే, మీరూ ఆఫీసుల్లోనే ఉన్నారు. రేంజర్‌కు ఫోన్ చేస్తే విచారణ జరుగుతోందన్నాడు. పెద్దసారును అడిగితే రాస్తున్నాను అన్నాడు. మరోసారి అడిగితే రాశాను అన్నాడు. ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదని ఆఫీసు క్లర్కు నాకు చెప్పాడు. ఈ లోపల మా యాత్ర విజయవంతమైందని జిల్లా మీటింగులో తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. వాటిలో ఇసుక మీద ఆడవాళ్లు నవ్వుతూ ఉన్నారు. నేను నేరుగా పోయి తెస్తానని సెలవు అడిగితే, ఎండాకాలం నిప్పుల డ్యూటీ ఉందని ఇవ్వలేదు.

పెండ్లి రోజు వచ్చింది. తండా వాళ్లు పెద్దసారును పిలిచారు, ఆయన వచ్చాడు కూడా. గుడ్డ మాత్రం రాలేదు. పెండ్లికొడుకుది పక్క తండానే. మరుసటి రోజు పొద్దున అక్కడ కొత్త కోడలు నీళ్ల కుండ ఎత్తే వేళ. మా ఇంటి గుడ్డ వాడుకొమ్మని ఇద్దరు ముగ్గురు తమవి తెచ్చారు. అవ్వ వద్దంది. ఆమెను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, తలమీద ముసుగు లేకుండా ఒక్కనాడూ చూడలేదు. ఆ పొద్దు అందరి ముందూ ఆ ముసుగు గుడ్డ తీసి, చుట్ట చుట్టి, మనవరాలి తలమీద పెట్టి, దాని మీద కుండ ఎత్తింది. నెరిసిన జుట్టు ఎండలో అట్లాగే ఉంది. కొందరు మగవాళ్లు మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఆ విందుకూ వచ్చిన పెద్దసారు కుర్చీలో కూర్చుని మటన్ తింటున్నాడు. నన్ను చూసి, చూశావా, ఏదీ ఆగలేదు, పని అయిపోయింది కదా అన్నాడు.

"సార్, మీరు పూచీ పడ్డందుకు ఆమె తలమీది గుడ్డ తీసింది. మీకు ఆ బువ్వ గొంతు దిగుతున్నదా?" అన్నాను. నెమ్మదిగా అనాలనే అనుకున్నాను. కానీ నా గొంతు సంగతి డిపార్ట్‌మెంట్ అంతటికీ తెలుసు. పెండ్లి మొత్తం విన్నది. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను అన్నదాంట్లో ఒక్క అక్షరం గురించి కూడా ఈ రోజుకీ నాకు విచారం లేదు.

వారం తిరిగేసరికి నన్ను భూపాలపల్లి జిల్లాకు మార్చారు. మొగుళ్లపల్లి, చిట్యాల వైపు నర్సరీ మొక్కల పని. చూపు ఆనినంత మేర పత్తి, మిరప చేలే. అడవి ఉద్యోగిని అడవి లేని చోటికి పంపడం కూడా ఒక కళే. ప్లాస్టిక్ సంచుల్లో కానుగ మొక్కలు పెంచి, రోడ్ల పక్కన నాటించి, మేకలు తినిపోతే మళ్లీ నాటించి, అట్లాగే రిటైరయ్యాను. మధ్యలో నా సొంత ఖర్చుతో ఆ పార్కుకు పోయాను. రేంజర్ మారాడు. పట్టుకున్న సామాను స్టోరులో ఉంటుందని, పై ఆర్డరు లేకుండా తీయరని కొత్తాయన చెప్పాడు. ఆ పై ఆర్డరు కోసం నేను ఎక్కని మెట్టు లేదు. మామూలు గుడ్డ కోసం ఇంత తంటాలెందుకని ఒక పెద్ద మనిషి నన్నే అడిగాడు.

మొన్న మా బీట్ ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు ఆమె కూడా సెక్షన్ ఆఫీసర్. తన ఊళ్ల ఆడవాళ్లను తీసుకుని అదే పార్కుకు పోయిందట. గేటు దగ్గర సందర్శకుల కోసం కొత్తగా ఒక హాలు కట్టారు, లోపల గాజు పెట్టెలు. సార్, ఒక ఫోటో పంపిస్తున్నా, కూర్చుని చూడండి అంది. చూశాను. గాజు వెనక, దీపం వెలుగులో, అవ్వ గుడ్డ వేలాడుతోంది. రంగు కొంచెం వెలిసింది కానీ గవ్వలన్నీ ఉన్నాయి. కింద హిందీలో, ఇంగ్లీషులో ఒక బోర్డు.

బస్సెక్కి మహబూబాబాద్ పోయి, అక్కడి నుంచి ఆటోలో తండాకు పోయాను. అవ్వ ఇప్పుడు నడవలేదు, మంచం మీదే ఉంటోంది. చూపు మాత్రం బాగుంది. ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. బొమ్మ పెద్దగా చేయమంది. చాలాసేపు చూసింది.

"తలకిందులు ఏలాడదీసిండ్రు" అంది. నేను గమనించనే లేదు. కుచ్చులు పైకి ఉన్నాయి, చుట్టబట్ట కిందికి వేలాడుతోంది. ఆ హాలుకు రోజూ వచ్చిపోయేవాళ్లలో ఒక్కరికీ అది తలమీద పెట్టుకునేదని తెలియదు. "నీడకైతే పెట్టిండు. గా ఒక్క మాట ఇన్నడు" అని మళ్లీ తానే అంది.

కింద ఏం రాశారని అడిగింది. నాకు చెప్పబుద్ధి కాలేదు. కోడలు ఫోన్ తీసుకుని హిందీ బోర్డు చదివింది. సముద్రం నుంచి దొంగిలించినవి, సందర్శకుల దగ్గర పట్టుబడినవి, మీరు ఇలా చేయకండి అని ఉంది. చదివి ఆమె ఏడ్చింది.  అవ్వ మాత్రం ఏదో ఆలోచిస్తూ ఉంది.

"దొంగ సొమ్మని రాసిండ్రు గద. మరి ఎవలిదో ఎందుకు రాయలే?"

"వాళ్లకు పేరు తెల్వదు అవ్వా."

"నువ్వు చెప్పు. దొంగతనమని రాసుకోనియి, నాకేం పోదు. కుట్టింది మా యాడి అని రాయమను. పేరుతోని రాయమను."

అని వాళ్ల యాడి పేరు చెప్పింది. అన్నేళ్లలో నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. సరిగ్గా విన్నానో లేదో అని నా చేత మళ్లీ పలికించుకుంది.

ఆ రోజు నుంచి ఆ పార్కుకు రాస్తూనే ఉన్నాను, జవాబు లేదు. మీలో ఎవరికైనా అటు దిక్కు టూరు పడితే పోయే ముందు మా ఇంటి దగ్గర ఆగండి. టీ పోసి, ఆ పేరు చెబుతాను. పోయి, ఆ గాజు పెట్టె ముందు నిలబడి, ఇది ఎవరు కుట్టారని బల్ల వెనక మనిషిని గట్టిగా అడగండి. తెలియదంటే మీరే చెప్పండి. ఇక్కడ ఆ పేరు రాయడం నాకు ఎంతసేపు, చేతిలోనే ఉంది పెన్ను. కానీ అది ముందుగా రావలసిన చోటు ఆ బోర్డు. అక్కడ రాసేదాకా ఇక్కడ రాయను.